నైట్రసా, సూపర్ ఛార్జరా? స్టాక్ ఇంజన్‌కి ఏది పెట్టాలో ఇలా తేల్చుకోండి

ఇంజన్‌కి అదనపు పవర్ ఇవ్వడానికి బాటిల్‌లోంచి గ్యాస్ వదిలే నైట్రస్, బెల్టుతో తిరిగి గాలిని తోసే సూపర్ ఛార్జర్, ఈ రెండిట్లో ఏది మంచిదని అడిగేవాళ్ళు దాదాపు అందరూ హార్స్ పవర్ అంకెతోనే మొదలుపెడతారు. దానికి ఇంత వస్తుందట, దీనికి అంత వస్తుందట, మరి ఏది లాభం అని. అంకె ముఖ్యమే గానీ అది చివర్లో తేలే సంగతి. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: అదనపు పవర్ మీకు ఒక్కో దఫాకి ఎన్ని సెకన్లు కావాలి? దీనికి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే. మిగతా సగం మీ ఇంజన్ చెబుతుంది.

ఇక్కడ చెప్పేదంతా స్టాక్ ఇంజన్, అంటే కంపెనీ నుంచి వచ్చిన పిస్టన్లు, రాడ్లు, గాస్కెట్‌తోనే నడుస్తున్న, టర్బో లేని పెట్రోల్ ఇంజన్ గురించి. డీజిల్ లెక్కలు వేరు.

1. సెకన్లు లెక్క వేసుకోండి

నైట్రస్ బాటిల్‌లో ఉన్నంతే ఉంటుంది. వంద హార్స్ పవర్ అదనంగా పది సెకన్ల పాటు కావాలంటే సుమారు ఒక పౌండు గ్యాస్ ఖర్చవుతుందని మోటు లెక్క. మామూలుగా దొరికే పది పౌండ్ల బాటిల్, అంటే నాలుగున్నర కిలోలు పట్టేది, 50 హార్స్ పవర్ కిట్‌కి మొత్తం మీద మూడు నిమిషాల పైచిలుకు వస్తుంది. అందులోనూ చివరి భాగం ప్రెషర్ పడిపోయి పెద్దగా పనికిరాదు. డ్రాగ్ స్ట్రిప్‌లో పావు మైలు పరుగెత్తేవాళ్ళకి ఇది బోలెడు. ఒక్కో పరుగుకి పదిహేను సెకన్లు చాలు, మిగతా రోజంతా కారు మామూలు కారే. పెట్రోలు ఖర్చు మారదు, ఇంజన్ అరుగుదల మారదు.

అదే మీరు సర్క్యూట్ మీద పావుగంట పాటు తిప్పాలనుకుంటే, కొండదారి ఎక్కేటప్పుడు లాగుడు కావాలనుకుంటే, ప్రతి ఓవర్‌టేక్‌కీ కాలి కింద పవర్ ఉండాలనుకుంటే మూడు నిమిషాల బాటిల్ ఏ మూలకీ రాదు. పైగా మళ్ళీ నింపించే చోటు దగ్గర్లో లేకపోతే రెండో నెలకే అది డిక్కీలో బరువుగా మిగిలిపోతుంది. ఇది చాలామంది కొన్న తర్వాత ఆలోచించే విషయం.

2. రెండూ చేసే పని ఒకటేనని గుర్తుంచుకోండి

రెండూ సిలిండర్లోకి ఎక్కువ ఆక్సిజన్ పంపుతాయి. ఆక్సిజన్ పెరిగితే ఎక్కువ పెట్రోలు కాల్చొచ్చు, ఎక్కువ కాలితే ఎక్కువ పవర్. సూపర్ ఛార్జర్ బయటి గాలినే బెల్టు బలంతో కుదించి తోస్తుంది. నైట్రస్ ఆక్సైడ్ తనే ఆక్సిజన్ మోసుకొస్తుంది. గాలిలో బరువు ప్రకారం 23 శాతం ఆక్సిజన్ ఉంటే నైట్రస్‌లో 36 శాతం ఉంటుంది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటాక అది విడిపోయి ఆక్సిజన్‌ని వదులుతుంది. నైట్రస్ తనంతట తాను మండదు, మంటకి తోడవుతుంది, అంతే.

అసలు తేడా వేడి దగ్గర. నైట్రస్ ద్రవంగా వచ్చి మైనస్ 88 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది కాబట్టి లోపలికి వెళ్ళే గాలిని చల్లబరుస్తుంది. సూపర్ ఛార్జర్ గాలిని నొక్కుతుంది కాబట్టి వేడి చేస్తుంది. ఈ ఒక్క తేడా చుట్టూనే కింది విషయాలు చాలా తిరుగుతాయి.

(ఈ పోటీ కొత్తదేం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ విమానాలకి సూపర్ ఛార్జర్ ఉండగానే జీఎం-1 పేరుతో నైట్రస్ కూడా పెట్టారు. బాగా ఎత్తుకి పోయాక గాలి పల్చబడి సూపర్ ఛార్జర్ చేతులెత్తేసినప్పుడు అది పనికొచ్చేది.)

3. కొనే ముందు ఇంజన్‌ని పరీక్షించండి

ఇది దాటేసి ముందుకి వెళ్ళొద్దు. అరిగిన ఇంజన్‌కి ఏది పెట్టినా ఫలితం ఒకటే, ఇంజన్ బోర్‌కొస్తుంది.

ముందు కంప్రెషన్ టెస్ట్. ఇంజన్ వేడెక్కాక ఆపి, ప్లగ్గులన్నీ తీసేయండి. ఇంజెక్టర్లకీ కాయిల్స్‌కీ కరెంటు రాకుండా ఫ్యూజు పీకేయండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి, గేజి ముల్లు ఇక పైకి వెళ్ళనంటున్నంత వరకు సెల్ఫ్ కొట్టండి. ప్రతి సిలిండర్‌కీ ఇలాగే చేసి అంకెలు రాసుకోండి. ఎక్కువ వచ్చినదానికీ తక్కువ వచ్చినదానికీ తేడా పది శాతం లోపు ఉండాలి. ఎక్కడైనా తక్కువ వస్తే ఆ సిలిండర్లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. అంకె పెరిగితే రింగులు పోయినట్టు. పెరగకపోతే వాల్వులనో హెడ్ గాస్కెట్‌నో అనుమానించాలి. వీలైతే సిలిండర్లోకి గాలి కొట్టి ఎంత కారిపోతుందో చూసే లీక్‌డౌన్ టెస్ట్ కూడా చేయించండి. పది శాతం లోపు లీకు మంచిది, ఇరవై దాటితే ఆ డబ్బు కిట్ మీద కాకుండా ఇంజన్ మీద పెట్టడమే తెలివి.

తర్వాత ఆయిల్ తాగుతోందా చూడండి. ఆయిల్ ఆవిరి కాస్త ఇన్‌టేక్‌లోకి వచ్చినా పెట్రోలు నాకింగ్‌ని, అంటే సిలిండర్లో మిశ్రమం అదుపు తప్పి తనంతట తాను పేలడాన్ని, తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. రేడియేటర్, థర్మోస్టాట్, క్లచ్ సంగతి చెప్పనక్కర్లేదు. ఇప్పుడే జారుతున్న క్లచ్ రేపు అసలు పట్టదు.

4. మీ ఇంజన్ ఎక్కడ విరుగుతుందో తెలుసుకోండి

స్టాక్ ఇంజన్‌లో సాధారణంగా ముందు పోయేది పిస్టన్. చాలా కార్లలో పిస్టన్లు పోత పోసినవి. మామూలు వాడకానికి అవి భేషుగ్గా ఉంటాయి, నాకింగ్ దెబ్బలకి మాత్రం రింగుల మధ్య ఉండే గట్టు పెళుసుగా విరిగిపోతుంది. మరో దారి వేడి. రింగు రెండు కొసల మధ్య కంపెనీ వదిలిన సందు మామూలు వేడికి సరిపడా ఉంటుంది. పవర్ పెరిగి వేడి పెరిగితే రింగు సాగి కొసలు ఒకదానికొకటి తగులుకుంటాయి, ఇక సాగే చోటు లేక సిలిండర్ గోడని పట్టేసి పిస్టన్ పైభాగాన్నే లాగేస్తుంది. నైట్రస్‌తోనూ ఇది జరుగుతుంది, సూపర్ ఛార్జర్‌తోనూ జరుగుతుంది.

కనెక్టింగ్ రాడ్ విషయంలో మాత్రం రెండిటికీ తేడా ఉంది. రాడ్డుని వంచేది హార్స్ పవర్ కాదు, కింది ఆర్పీఎంలో వచ్చే టార్క్. నైట్రస్ జెట్ (గ్యాస్ మోతాదు తేల్చే చిన్న రంధ్రం) సెకనుకి ఇంత అని ఒకే లెక్కన వదులుతుంది, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో దానికి పట్టదు. ఒక 75 హార్స్ పవర్ కిట్ తీసుకుని లెక్క కట్టండి. 5,500 ఆర్పీఎం దగ్గర అది కలిపే టార్క్ సుమారు 97 న్యూటన్ మీటర్లు. అదే బటన్ 2,500 దగ్గర నొక్కితే 214. అదే జెట్, అదే బాటిల్, దెబ్బ మాత్రం రెట్టింపు కంటే ఎక్కువ. మూడు వేల లోపు నైట్రస్ వదలొద్దని అందరూ మొత్తుకునేది ఇందుకే.

సూపర్ ఛార్జర్‌లో ఇది మీరు ఎంచుకునే రకాన్ని బట్టి ఉంటుంది. దాని సంగతి ఆరో మెట్టులో.

ఇక కంప్రెషన్ రేషియో, అంటే పిస్టన్ పైకి వచ్చేసరికి లోపలి మిశ్రమం ఎన్నో వంతుకి నొక్కుకుంటుందన్నది. పది లోపు ఉంటే సూపర్ ఛార్జర్‌కి హాయి. పదకొండు, పన్నెండు ఉన్న ఇంజన్లలో ఆరు పీఎస్ఐ బూస్ట్ (వాతావరణ ప్రెషర్ మీద అదనంగా వచ్చే ప్రెషర్) కూడా నాకింగ్‌ని తట్టుకునే మంచి ఆక్టేన్ పెట్రోలు, జాగ్రత్తైన ట్యూనింగ్ లేకుండా నాకింగ్ తెచ్చిపెడుతుంది. అలాంటివాటికి తక్కువ మోతాదు నైట్రస్ కొంత నయం, చల్లబరుస్తుంది కాబట్టి.

5. పెట్రోలు సరిపోతుందా?

నా లెక్కలో అసలు నిర్ణయం ఇక్కడే జరుగుతుంది. స్టాక్ ఇంజన్లు ఎక్కువగా చచ్చేది పవర్ ఎక్కువై కాదు, ఆ పవర్‌కి తగినంత పెట్రోలు అందక. మిశ్రమం లీన్ అయితే, అంటే గాలికి తగ్గ పెట్రోలు లేకపోతే నాకింగ్, నాకింగ్ ముదిరితే పిస్టన్‌కి కన్నం.

సూపర్ ఛార్జర్‌కి ఇంజెక్టర్ సైజు ఇలా చూసుకోండి. బూస్ట్ మీద నడిచే ఇంజన్‌కి ఒక్కో హార్స్ పవర్‌కి గంటకి సుమారు 0.6 పౌండ్ల పెట్రోలు కావాలి. లక్ష్యం 200 హార్స్ పవర్, నాలుగు సిలిండర్లు అనుకుందాం. 200ని 0.6తో గుణిస్తే 120, నాలుగుతో భాగిస్తే 30. ఇంజెక్టర్‌ని 85 శాతానికి మించి తెరిచి ఉంచకూడదు కాబట్టి 30ని 0.85తో భాగిస్తే గంటకి 35 పౌండ్లు, అంటే నిమిషానికి సుమారు 370 సీసీ. మీ కారు ఇంజెక్టర్లు దీనికంటే చిన్నవైతే అవి మార్చాలి, పంపు మార్చాలి, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) మ్యాప్ మార్చాలి. కిట్ ధరలో ఇవి ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి. చౌకగా కనిపించే కిట్లలో సాధారణంగా ఉండవు.

నైట్రస్‌కి దీనిలో సులువు ఉంది, మెలికా ఉంది. డ్రై కిట్ నైట్రస్‌ని మాత్రమే పంపి, అదనపు పెట్రోలుని కారు ఇంజెక్టర్ల చేతే ఇప్పిస్తుంది. వెట్ కిట్ తన నాజిల్ నుంచి నైట్రస్‌నీ పెట్రోలునీ కలిపి చిమ్ముతుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, నైట్రస్ అయితే 9.6 కిలోలే చాలు. అంటే పంపే గ్యాస్ బరువుతో పోలిస్తే పెట్రోలు అవసరం గాలికంటే చాలా ఎక్కువ. స్టాక్ ఇంజెక్టర్లకి అంత ఖాళీ లేనప్పుడు వెట్ కిట్టే దారి. అయితే సిలిండర్లకి గాలి పంచే ఇప్పటి ప్లాస్టిక్ మానిఫోల్డులు గాలి కోసం చేసినవి, పెట్రోలు కోసం కాదు. తక్కువ ఆర్పీఎంలో తెరిస్తే పెట్రోలు వంపుల్లో మడుగు కట్టి, ఒక్కసారి బ్యాక్‌ఫైర్ వచ్చి మంట వెనక్కి తన్నిందంటే మానిఫోల్డ్ ముక్కలవుతుంది.

ఏది పెట్టినా గాలి, పెట్రోలు నిష్పత్తిని కచ్చితంగా చూపే వైడ్‌బ్యాండ్ గేజి తప్పనిసరి. కారుతో వచ్చే మామూలు ఆక్సిజన్ సెన్సర్ 14.7కి అటూ ఇటూ మాత్రమే చెప్పగలదు. నిండు యాక్సిలరేటర్ మీద మీకు కావాల్సింది 11.5 నుంచి 12 మధ్య. అది కనిపించకుండా నడపడం కళ్ళు మూసుకుని నడపడమే.

డబ్బు కిట్‌కి మాత్రమే ఉండి ట్యూనింగ్‌కీ గేజికీ లేకపోతే ప్రస్తుతానికి రెండూ వద్దు. మంచి టైర్లు కొనుక్కోండి.

6. ఎంచుకున్నదాన్ని ఎలా పెట్టాలి

*నైట్రస్ అయితే.* స్టాక్ నాలుగు సిలిండర్ల ఇంజన్‌కి 40 నుంచి 60, ఆరు సిలిండర్లకి 75 నుంచి 100 హార్స్ పవర్ దాకా అని సాధారణంగా పాటించే హద్దు. కిట్‌తో పాటు పెద్ద జెట్లు కూడా వస్తాయి, వాటిని పెట్టె అడుగున పడేసి మర్చిపోండి. ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి, అంటే వేడిని త్వరగా వదిలేవి వేయండి, గ్యాప్ తగ్గించండి. ప్రతి 50 హార్స్ పవర్‌కి ఇగ్నిషన్ టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) రెండు డిగ్రీలు వెనక్కి జరపాలి.

స్విచ్చుల దగ్గర పిసినారితనం వద్దు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే పనిచేసే స్విచ్ ఒకటి. ఆర్పీఎం 3,000 దాటాక తెరిచి, ఇంజన్ వేగాన్ని హద్దు దాటనివ్వని లిమిటర్‌కి నాలుగైదు వందల ముందే మూసేసే విండో స్విచ్ ఇంకొకటి. పెట్రోలు ప్రెషర్ పడిపోతే వెంటనే నైట్రస్ ఆపేసే స్విచ్ మూడోది. లిమిటర్ ఎందుకంత ముఖ్యమంటే, చాలా కార్లలో లిమిటర్ పెట్రోలుని కోసేస్తుంది. నైట్రస్ పారుతూ పెట్రోలు ఆగిపోతే ఇంజన్ పోవడానికి ఆ క్షణం చాలు.

బాటిల్ ప్రెషర్ వాతావరణాన్ని బట్టి మారుతుంది. ముప్పై డిగ్రీల దగ్గర 900 పీఎస్ఐ పైన ఉండేది సున్నా దగ్గర సగానికి పడిపోతుంది. కిట్ జెట్లు 900 నుంచి 950కి లెక్కగట్టి ఇస్తారు. ప్రెషర్ తక్కువైతే వెట్ కిట్ రిచ్ అయి, అంటే పెట్రోలు ఎక్కువై పవర్ పోతుంది, మరీ ఎక్కువైతే లీన్ అవుతుంది. అందుకే గేజి, థర్మోస్టాట్ ఉన్న హీటర్. టార్చి మంటతో వేడి చేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పక్కన నిలబడొద్దు. 36.4 డిగ్రీలు దాటితే బాటిల్‌లో ద్రవం అంటూ మిగలదు, అక్కడి నుంచి ప్రెషర్ గబగబా పెరుగుతుంది. బాటిల్ సీట్ల వైపు ఉంటే ప్రెషర్ మించితే పగిలే సేఫ్టీ డిస్క్ నుంచి బయటికి గొట్టం పెట్టాల్సిందే. లేకపోతే అది పేలిన రోజు గ్యాస్ అంతా కారులోకే వస్తుంది, ఊపిరాడదు.

ఇంకొకటి, ఎక్కువమంది పట్టించుకోనిది: ఇంజన్ ఆపాక బాటిల్ వాల్వు చేత్తో మూసేయండి. నైట్రస్‌ని తెరిచి మూసే కరెంటు వాల్వు, అంటే సోలినాయిడ్ కాస్త లీకైనా రాత్రంతా మానిఫోల్డ్‌లో నైట్రస్ నిండి ఉంటుంది, పొద్దున్న స్టార్ట్ చేసిన నిప్పురవ్వకి అదంతా పెట్రోలుతో కలిసి ఒకేసారి అంటుకుంటుంది.

*సూపర్ ఛార్జర్ అయితే.* రకం ముందు ఎంచుకోండి. రూట్స్, ట్విన్ స్క్రూ రకాలు రెండు వేల ఆర్పీఎం నుంచే దాదాపు పూర్తి బూస్ట్ ఇస్తాయి. (రూట్స్ సోదరులు 1860లో పేటెంట్ తీసుకున్నప్పుడు కార్లే లేవు, కొలిమిలకి గాలి కొట్టడానికి వాడారు.) నడపడానికి ఇవే సరదా. సెంట్రిఫ్యూగల్ రకంలో బూస్ట్ ఇంచుమించు ఆర్పీఎం వర్గంతో పెరుగుతుంది. 6,000 దగ్గర ఆరు పీఎస్ఐ ఇచ్చేది 3,000 దగ్గర ఒకటిన్నరే ఇస్తుంది. కింద చప్పగా ఉంటుందని కొందరికి నచ్చదు. రాడ్ల మీద అనుమానం ఉన్న స్టాక్ ఇంజన్‌కి మాత్రం ఇదే మర్యాదైనది.

బూస్ట్ ఐదారు పీఎస్ఐతో సరిపెట్టుకోండి. నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్ కూలర్ అవసరమా అని అడిగేవాళ్ళకి ఈ లెక్క చాలు. వాతావరణ ప్రెషర్ 14.7 పీఎస్ఐ మీద ఇంకో ఆరు కలిపితే 1.41 రెట్లు. బయట 30 డిగ్రీలు ఉంటే, 60 శాతం సామర్థ్యంతో పనిచేసే బ్లోయర్ (సూపర్ ఛార్జరే) నుంచి గాలి 80 డిగ్రీలు దాటి బయటికి వస్తుంది. వేడి గాలి పల్చన, కాబట్టి 1.41 రెట్ల ప్రెషర్‌కి నిజంగా దక్కే గాలి 20 శాతమే ఎక్కువ. ఇంటర్ కూలర్ పెట్టి 50 డిగ్రీలకి దించితే అదే ప్రెషర్‌కి 32 శాతం ఎక్కువ దక్కుతుంది, నాకింగ్ భయం తగ్గుతుంది. ఇందులోంచి బ్లోయర్ తిప్పడానికి ఇంజన్ పెట్టే ఖర్చు తీసేయాలి, అది బెల్టు ద్వారా ఎప్పుడూ ఉండే ఖర్చే. ట్రాక్ మీద వరసగా తిప్పేవాళ్ళకి ఇంటర్ కూలర్ లేని కిట్ రెండో ల్యాప్ నుంచే నీరసపడుతుంది, ఈసీయూ నాకింగ్ చూసి టైమింగ్ వెనక్కి లాగేస్తుంది.

సూపర్ ఛార్జర్‌ని బెల్టుతో తిప్పే చక్రాన్ని పుల్లీ అంటారు, చిన్న పుల్లీ జోలికి పోకండి. పుల్లీ మారిస్తే బూస్ట్ పెరుగుతుంది, పని పది నిమిషాలది, ఆ సులువే దాని ప్రమాదం. పెట్రోలు, మ్యాప్ పాత బూస్ట్‌కే ఉంటాయి.

బానెట్ కింద చోటు, ఏసీ కంప్రెసర్ ఉన్న వైపు, బెల్టు దారి కొలిచి చూసుకోండి. మీ ఇంజన్‌కంటూ తయారైన బ్రాకెట్లతో కిట్ దొరక్కపోతే సూపర్ ఛార్జర్ మాట మానుకోవడం మంచిది. ఎవరో వెల్డింగ్ చేసిన బ్రాకెట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి ఉన్నా బెల్టు వారానికొకటి తింటుంది. నైట్రస్‌కి ఈ బాధ లేదు, దాదాపు ఏ ఇంజన్‌కైనా కూర్చుంటుంది.

7. చట్టం, ఇన్సూరెన్స్

ఇంజన్‌లో ఇలాంటి మార్పుకి అనుమతి కావాలా, బాటిల్ కలిపి ఉన్న కారుని రోడ్డు మీద నడపొచ్చా అన్నది మీరు ఉన్న చోటి చట్టం చెబుతుంది. కొనకముందే రవాణా అధికారుల నుంచి కనుక్కోండి. వారంటీ పోతుందనే లెక్క వేసుకోండి. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా పెడితే క్లెయిమ్ రోజున వాళ్ళే కనుక్కుంటారు.

8. మొదటి పరుగు

ఏది పెట్టినా మొదట డైనో (కారుని నిలిపి పవర్ కొలిచే యంత్రం) మీద, ట్యూనర్ సమక్షంలో. సూపర్ ఛార్జర్‌కి ముందు సగం యాక్సిలరేటర్ మీద గంటసేపు నడిపి, లీన్ ఎక్కడా లేదని చూశాకే నిండుగా తొక్కండి. నైట్రస్‌కి కిట్‌లో ఉన్న అతి చిన్న జెట్‌తో ఒక్క పరుగు తీసి, వెంటనే ఇంజన్ ఆపి, కారుని పక్కకి తోసుకెళ్ళి ప్లగ్గులు తీయండి. ఆపకుండా గ్యారేజీ దాకా నడుపుకొస్తే ప్లగ్గుల మీద గుర్తులు మారిపోతాయి.

ప్లగ్ తెల్ల పింగాణీని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని భూతద్దంతో చూడండి. లేత గోధుమ రంగు ఉంటే సరే. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలుంటే నాకింగ్ మొదలైంది. వాటి మధ్య వెండిలా మెరిసే చిన్న గుండ్లు కనిపిస్తే అవి మీ పిస్టన్ నుంచి కరిగి వచ్చిన అల్యూమినియం. ఇంకో పరుగు తీయకండి. టైమింగ్ ఇంకా వెనక్కి జరిపి, పెట్రోలు పెంచి, కంప్రెషన్ టెస్ట్ మళ్ళీ చేసి, మొదట్లో రాసుకున్న అంకెలతో పోల్చి చూడండి.